హృదయం గీసే రేఖ - దానిని చదివే దృష్టి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా చేసిన విజ్ఞాన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదేండ్ల పండుగ వేళ హృదయాన్ని గురించిన ప్రసంగం దేనికని కొందరికి అనిపించవచ్చు. బెంగళూరు మహానగరంలో తెలుగు మాధ్యమాన చదువుకొని వెళ్ళినవారిలో అత్యధికులు నేడు నడివయసు దాటినవారు. వారి ఇండ్ల బీరువాలలో భూమి పత్రాల ప్రక్కన, పిల్లల మార్కుల పట్టికల ప్రక్కన, ఒక గులాబీ రంగు గళ్ళ కాగితం కూడా భద్రంగా ఉంటున్నది. దానినే ఈసీజీ అంటున్నారు. తెలుగు పాఠ్యగ్రంథాలలో విద్యుత్ హృల్లేఖనమని పేరు. ఆ కాగితాన్ని ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి మోసుకొని తిరిగేవారే గాని, దానిలో ఏమున్నదో స్థూలంగానైనా ఎరిగినవారు అరుదు. తెలియని దానిని మనిషి గుడ్డిగా నమ్మడమో, అకారణంగా భయపడడమో జరుగుతుంది. రెండూ ప్రమాదమే. ఈ ప్రసంగం వైద్యులను తయారుచేయడానికి కాదు. ఆ రేఖ ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో, దానిని ఎంత త్వరగా తీయించుకోవాలో తెలియజేయడమే దీని ఉద్దేశ్యం.

హృదయం రోజుకు సుమారు లక్ష సార్లు స్పందిస్తుంది. ప్రతి స్పందనకు ముందు అతి స్వల్పమైన విద్యుత్ తరంగం ఒకటి దాని కండరమంతటా వ్యాపిస్తుంది. ముందు విద్యుత్తు, ఆ పిమ్మట సంకోచం, ఇదే క్రమం. ప్రతి కండర కణం తన పొరకు లోపల ఋణావేశాన్ని, వెలుపల ధనావేశాన్ని నిలుపుకొని, చిన్న విద్యుత్ ఘటంవలె సిద్ధంగా ఉంటుంది. సోడియం అయానులను బయటికి తోసి, పొటాషియం అయానులను లోనికి తెచ్చే ఒక పంపు కణపు పొరలో నిరంతరం పనిచేస్తూ ఉండబట్టే ఆ ఆవేశం నిలుస్తున్నది. ఆ పంపుకు ఇంధనం ఏటీపీ అనే పదార్థం.

ఏటీపీ మాట వచ్చినప్పుడు తెలుగువారు స్మరించుకోవలసిన మహనీయుడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, తన ఆచార్యుడు సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెల్లడించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే 1929లో ఏటీపీని స్వతంత్రంగా కనుగొన్నాడు. పొరలోని పంపును డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కౌ 1957లో గుర్తించాడు. అందుకు 1997లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. గళ్ళ కాగితం మీద లేచే ప్రతి శిఖరం వెనుక ఆ ఇంధనపు వినియోగం దాగి ఉన్నది.

హృదయంలో విద్యుత్తు ఇష్టం వచ్చినట్లు ప్రవహించదు. దానికొక రాజమార్గం ఉన్నది. కుడి కర్ణిక పైభాగాన ఉన్న సిరాకర్ణికా కణుపు లయకు మూలస్థానం. ఇంగ్లండులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇరువురు 1907లో దీనిని వర్ణించారు. అక్కడ పుట్టిన తరంగం రెండు కర్ణికలను చుట్టి, కర్ణికాజఠరికా కణుపును చేరుతుంది. జపాను దేశస్థుడైన సునావో తవారా 1906లో దీనిని వివరించాడు. ఈ కణుపు వద్ద తరంగం సుమారు సెకనులో పదవ వంతు కాలం ఆగుతుంది. ఆ విరామం వ్యర్థం కాదు. కర్ణికలలోని రక్తం జఠరికలలోనికి పూర్తిగా దిగడానికి లభించిన వ్యవధి అది. అటుపై హిస్ కట్ట ద్వారా, దాని కుడి ఎడమ శాఖల ద్వారా, పుర్కింజే తంతువుల ద్వారా తరంగం జఠరికల గోడలంతటికీ మెరుపువలె ప్రాకుతుంది.

శరీరంలోని ద్రవాలు లవణయుతాలు కనుక ఈ విద్యుత్తు చర్మం దాకా చేరుతుంది. అయితే చర్మంపైన దొరికేది వోల్టులో వెయ్యవ వంతు మాత్రమే. టార్చి లైటులో వేసే ఒక్క సెల్లు బలం దానికి సుమారు పదిహేను వందల రెట్లు. ఇంత సూక్ష్మమైన దానిని మానవ దేహం ఉపరితలం నుండి 1887లో లండనులో అగస్టస్ వాలర్ మొదటిసారి నమోదు చేశాడు. ఆసుపత్రులలో ఇది విస్తారంగా ఉపయోగపడగలదని ఆయన తలచలేదు. ఆ ఊహను తలక్రిందులు చేసినవాడు హాలెండుకు చెందిన విలెం ఐంథోవెన్. 1860లో జావా ద్వీపంలోని సెమరాంగ్‌లో పుట్టి, లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన, అయస్కాంత ధ్రువాల నడుమ అతి సన్నని తీగను వ్రేలాడదీసి ఒక గాల్వనోమీటరును నిర్మించాడు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు మనుషులు కావలసి వచ్చేది. రోగి రెండు చేతులను, ఎడమ కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచి కూర్చుండేవాడు. నేడు చేతిసంచిలో ఇమిడే యంత్రానికి అది పూర్వరూపం. ఈ కృషికి 1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి లభించింది. తరంగాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని ఆయన పెట్టిన పేర్లే ఈనాటికీ చెల్లుబాటవుతున్నాయి.

ఇక కాగితం సంగతి. దానిపై గళ్ళు అలంకారానికి కావు, అవి కొలబద్దలు. కాగితం సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది. కనుక అడ్డంగా ఒక చిన్న గడి అంటే 0.04 సెకను, ఐదు చిన్న గళ్ళు చేరిన పెద్ద గడి అంటే 0.2 సెకను. నిలువుగా పది చిన్న గళ్ళు ఒక మిల్లీవోల్టు. లయ క్రమంగా ఉన్నప్పుడు రెండు ఎత్తైన శిఖరాల నడుమ ఉన్న పెద్ద గళ్ళను లెక్కించి, 300ను ఆ సంఖ్యతో భాగిస్తే నిమిషానికి స్పందనల సంఖ్య వస్తుంది. నడుమ నాలుగు పెద్ద గళ్ళుంటే 75, ఐదుంటే 60, మూడుంటే 100. ఐదవ తరగతి భాగహారంతో చేయగల లెక్క ఇది.

తరంగాల భావం కూడా క్లిష్టం కాదు. మొదటి చిన్న గుట్ట పి తరంగం. కర్ణికలు ఉత్తేజితమయ్యాయని దాని అర్థం. పిమ్మట నిటారుగా లేచి దిగే క్యూఆర్ఎస్ సముదాయం జఠరికల ఉత్తేజానికి గుర్తు. చివర వచ్చే గుండ్రని టి తరంగం, జఠరికలు మరల పూర్వస్థితికి వచ్చి తదుపరి స్పందనకు సిద్ధమవుతున్నాయనడానికి సంకేతం. పి ఆరంభం నుండి క్యూఆర్ఎస్ ఆరంభం దాకా పెద్దవారిలో 0.12 నుండి 0.20 సెకను పడుతుంది. అంతకు మించితే నడుమనున్న కణుపు వద్ద ఆలస్యం జరుగుతున్నదన్నమాట. క్యూఆర్ఎస్ వెడల్పు 0.12 సెకనుకు, అనగా మూడు చిన్న గళ్ళకు లోబడి ఉండాలి. అంతకంటె వెడల్పయితే విద్యుత్తు రాజమార్గాన్ని వదలి సందుల వెంట నడుస్తున్నదని ఊహించవచ్చు.

ఇంతవరకు ఒక రేఖను గురించి చెప్పుకున్నాం. కాని కాగితం మీద ఒక రేఖ కాదు, పన్నెండు ఉంటాయి. దేహానికి అమర్చేవి పది తీగలే. నాలుగు చేతులకూ కాళ్ళకూ, ఆరు ఛాతీకీ. వాటి నుండి పన్నెండు దృశ్యాలు లభిస్తాయి. వాటిని లీడ్లు అంటారు. ఒకే హృదయానికి పన్నెండు చిత్రాలు దేనికన్న ప్రశ్నకు జవాబులోనే హృదయపు విద్యుదక్షం అనే భావం ఇమిడి ఉన్నది.

రథోత్సవాన్ని తలచుకుంటే ఇది సుబోధకమవుతుంది. వీధిలో రథం కదలివస్తుంటే, ఎదుట నిలిచినవానికి రథం తనవైపే వస్తున్నట్లు కనిపిస్తుంది. వెనుక నిలిచినవానికి తననుండి దూరంగా పోతున్నట్లు కనిపిస్తుంది. ప్రక్క మేడపై నిలిచినవానికి మొదట దగ్గరకు వచ్చి, పిమ్మట దూరమైనట్లు అనిపిస్తుంది. ముగ్గురూ చూచినది ఒకే రథం. ముగ్గురి మాటా నిజమే. కాని ఏ ఒక్కరి మాటా సంపూర్ణ సత్యం కాదు. ఈసీజీ న్యాయం సరిగా ఇదే. విద్యుత్ తరంగం ఏ లీడు వైపు వస్తుంటే ఆ లీడులో రేఖ పైకి లేస్తుంది. దూరంగా పోతుంటే క్రిందికి దిగుతుంది. అడ్డంగా సాగితే పైకీ క్రిందికీ సమానంగా లేచి దిగుతుంది.

రథానికి రెండు పగ్గాలుంటాయి. ఎడమ పగ్గం పట్టినవారు ఎక్కువ బలంగా లాగితే రథం ఎడమకు మొగ్గుతుంది. ఉన్నత పాఠశాలలో సదిశల సంకలనమని నేర్చుకున్నది ఇదే. జఠరికల గోడలలో అనేక దిశల ఒకేసారి పరుగెత్తే విద్యుత్ సదిశలన్నింటినీ కూడగా వచ్చిన ఫలిత సదిశ ఏ దిక్కును చూపుతుందో ఆ దిక్కే హృదయపు విద్యుదక్షం. ఎడమ జఠరిక శరీరమంతటికీ రక్తాన్ని తోయవలసినది గనుక దాని గోడ మందం ఎక్కువ. అందువల్ల ఆరోగ్యవంతునిలో అక్షం ఎడమకూ క్రిందికీ వాలి ఉంటుంది.

ఈ దిక్కును కొలవడానికి ఐంథోవెన్ ఒక సమబాహు త్రిభుజాన్ని ఊహించాడు. కుడిచేయి, ఎడమచేయి, ఎడమకాలు దాని శీర్షాలు. కుడిచేతినుండి ఎడమచేతి వైపు చూపేది మొదటి లీడు. దాని కోణం సున్న. రెండవ లీడు +60 డిగ్రీలు, మూడవది +120. అమెరికాలో ఫ్రాంక్ విల్సన్ 1934లో చూపిన పద్ధతిని మెరుగుపరచి ఎమాన్యుయేల్ గోల్డ్‌బర్గర్ 1942లో మరి మూడు లీడులను సమకూర్చాడు. నేరుగా పాదాల వైపు చూపే ఏవీఎఫ్ +90 డిగ్రీలు. ఎడమ భుజం వైపు చూపే ఏవీఎల్ -30. కుడి భుజం వైపు చూపే ఏవీఆర్ -150. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. గణితంలో గడియారపు ముల్లుకు ఎదురు దిశను ధనంగా తీసుకుంటారు. ఈ చక్రంలో ముల్లు తిరిగే దిశయే ధనం. అంతేకాక, ఎదుట నిలిచిన మనిషి ఎడమచేయి చూచేవారి కుడివైపున ఉంటుంది. ఈ రెండూ మనస్సులో ఉంచుకుంటే తికమక ఉండదు.

పెద్దవారిలో -30 నుండి +90 డిగ్రీల వరకు అక్షం సామాన్యమని పరిగణిస్తారు. దానిని అంచనా వేయడానికి రెండు రేఖలు చాలు. మొదటి లీడులోనూ, ఏవీఎఫ్‌లోనూ క్యూఆర్ఎస్ ప్రధానంగా పైకి ఉంటే అక్షం సున్నకూ 90కీ నడుమ ఉన్నది, సామాన్యం. మొదటి లీడులో పైకీ, ఏవీఎఫ్‌లో క్రిందికీ ఉంటే రెండవ లీడును చూడాలి. అందులో పైకి ఉంటే ఇంకా సామాన్యమే. క్రిందికి ఉంటే అక్షం -30ని దాటి ఎడమకు మళ్ళింది. మొదటి లీడులో క్రిందికీ, ఏవీఎఫ్‌లో పైకీ ఉంటే కుడికి మళ్ళింది. రెండింటిలోనూ క్రిందికే ఉంటే అది అత్యంత అరుదైన దిక్కు. కారణం తప్పక విచారించవలసిందే.

మరింత నిర్దిష్టంగా తెలియాలంటే మరొక ఉపాయం ఉన్నది. ఏ లీడులో క్యూఆర్ఎస్ పైకీ క్రిందికీ సమానంగా ఉన్నదో వెదకాలి. అక్షం దానికి లంబంగా ఉంటుంది. ఉదాహరణకు ఏవీఎల్‌లో సమానంగా ఉన్నదనుకుందాం. దాని కోణం -30. దానికి లంబంగా ఉండే దిక్కులు రెండు: +60, -120. రెండవ లీడు +60 వద్ద ఉన్నది గదా. అందులో తరంగం నిటారుగా పైకి ఉంటే అక్షం +60 అని తేలుతుంది. లంబరేఖ గీయగల విద్యార్థి ఈ లెక్క చేయగలడు. పాఠశాల జ్యామితికి ప్రాణరక్షణలో ఇంతటి ప్రమేయం ఉన్నదని తెలిసినప్పుడు ఆ పాఠానికి కొత్త గౌరవం కలుగుతుంది.

అక్షం మళ్ళడానికి కారణాలు పలు విధాలు. హిస్ కట్ట ఎడమ శాఖకు చెందిన ముందు ఉపశాఖలో అవరోధం ఏర్పడినా, హృదయపు క్రింది గోడ పూర్వం గుండెపోటులో దెబ్బతిన్నా అక్షం ఎడమకు మళ్ళుతుంది. దీర్ఘకాలపు రక్తపు పోటువల్ల ఎడమ జఠరిక మందమైనప్పుడు కూడా కొందరిలో అలా జరుగుతుంది. చిరకాలపు ఊపిరితిత్తుల వ్యాధివల్ల, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడడంవల్ల, కుడి జఠరికపై భారం పెరిగినప్పుడు కుడికి మళ్ళవచ్చు. సన్నగా పొడవుగా ఉండేవారిలో ఏ వ్యాధీ లేకుండానే అక్షం నిలువుగా ఉండవచ్చు. స్థూలకాయులలో, నిండు గర్భిణులలో ఉదరవితానం పైకి జరుగుటచే కొంత ఎడమకు వాలవచ్చు. కనుక అక్షం ఒక వ్యాధి పేరు కాదు. అది ఒక ప్రశ్న మాత్రమే. జవాబు మనిషిని చూచి, మాటలు విని, ఇతర పరీక్షలు చేసి తెలుసుకోవలసి ఉంటుంది.

ఇందుకు పసిపిల్లల హృదయమే ఉత్తమ నిదర్శనం. తల్లి గర్భంలో శిశువు ఊపిరితిత్తులు ఇంకా శ్వాసించవు. అక్కడ కుడి జఠరికకు పని ఎక్కువ. అందువల్ల అప్పుడే పుట్టిన శిశువులో అక్షం సాధారణంగా +90ని దాటి కుడివైపు ఉంటుంది. శిశువు ఊపిరి పీల్చనారంభించిన తర్వాత భారం క్రమంగా ఎడమ జఠరికకు మారి, ఎదిగే కొలదీ అక్షం ఎడమకు తిరుగుతుంది. పెద్దవానిలో అనుమానం కలిగించే అంకె పసివానిలో సహజం. వయస్సు తెలియకుండా ఈసీజీని చదవడం, తరగతి తెలియకుండా విద్యార్థి జవాబుపత్రాన్ని దిద్దడం వంటిది.

పిల్లల విషయంలో అక్షం మరొక మేలు కూడా చేస్తుంది. రెండు కర్ణికల నడుమ గోడలో పుట్టుకతోనే రంధ్రం ఉండే పిల్లలున్నారు. గోడ మధ్యభాగంలో రంధ్రం ఉంటే అక్షం సాధారణంగా కుడికి మొగ్గుతుంది. గోడ అడుగున, కవాటాలకు ఆనుకొని ఉండే రకంలో ఎడమకు మళ్ళుతుంది. అల్ట్రాసౌండు పరీక్ష నిర్ధారణ చేయవలసినదే అయినా, ఏ రకమో ముందుగా సూచించేది ఈ గళ్ళ కాగితమే. ఇటువంటి పిల్లలు చాలా ఏండ్లు బాగానే ఉన్నట్లు కనిపిస్తారు. ఆటల పీరియడులో త్వరగా అలసిపోయే విద్యార్థిని సోమరి అనడం సులభం. ఆ మాట అనబోయే ముందు ఉపాధ్యాయులు ఒకసారి వైద్యుని సలహా కోరడం ధర్మం. జన్మతః వచ్చే లోపాలను వెదకడానికి పాఠశాలలకే వైద్యబృందాలు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో దేశంలో ప్రారంభమైంది. ఆ బృందం వచ్చిన నాడు పిల్లలను బడి మాన్పించకుండా చూడడం తల్లిదండ్రుల బాధ్యత.

కోణాన్ని గురించి ఇంతగా చెప్పడానికి మరొక కారణం ఉన్నది. తీగలు తారుమారైతే కోణం అబద్ధమాడుతుంది. కుడిచేతి తీగ ఎడమచేతికీ, ఎడమచేతిది కుడిచేతికీ తగిలిస్తే మొదటి లీడు పూర్తిగా తలక్రిందవుతుంది. ఆరోగ్యవంతునికి అక్షం కుడికి మళ్ళినట్లు కాగితం చూపుతుంది. చదివేవారు ఏమరిస్తే లేని వ్యాధి పుట్టుకొస్తుంది. జాగరూకులైన వారు మొదటి లీడులో పి తరంగం కూడా తలక్రిందైందని, సాధారణంగా క్రిందికి ఉండవలసిన ఏవీఆర్ పైకి లేచిందని, ఛాతీ లీడులు మాత్రం యథాప్రకారం ఉన్నాయని గమనించి, తీగలు సరిచేసి మరల తీస్తారు. హృదయం నిజంగానే కుడివైపున ఉండే అరుదైన మనుషులలోనైతే ఛాతీ లీడులు కూడా భిన్నంగా ఉంటాయి. అలాగే ఛాతీ తీగలు ఒక పక్కటెముక ఎత్తులో పెట్టినా చిత్రం మారిపోతుంది. కనుక తీగలు అమర్చే సిబ్బంది పని చిన్నది కాదు. పరీక్ష వేళ రోగి కదలక, మాట్లాడక, నెమ్మదిగా శ్వాసించడం కూడా ఆ పనికి సహకారమే.

ఇప్పుడు అసలైన ప్రమాదం దగ్గరకు రావాలి. హృదయ కండరానికి రక్తమందించే ధమని గడ్డతో పూర్తిగా మూసుకొనిపోయినప్పుడు క్యూఆర్ఎస్‌కూ టి తరంగానికీ నడుమనుండే ఎస్టీ భాగం గీతనుండి పైకి లేస్తుంది. ఏ లీడులలో లేచిందో దానినిబట్టి ఏ గోడకు ప్రమాదమో తెలుస్తుంది. రెండు, మూడు, ఏవీఎఫ్‌లలో లేస్తే క్రింది గోడ. ఛాతీ మొదటి నాలుగింటిలో లేస్తే ముందు గోడ. ఒకటి, ఏవీఎల్, ఛాతీ చివరి రెండింటిలో లేస్తే ప్రక్క గోడ. రథానికి నలువైపులా మనుషులు నిలిచి చూడడంలోని ప్రయోజనం ఇదే. ఒక వైపువారు చూడలేని బీటను మరొక వైపువారు చూడగలుగుతారు. ఒకే లీడు చూపే చేతిగడియారాలు లయ తప్పడాన్ని పసిగట్టగలవేమో గాని, పన్నెండు లీడుల పనిని చేయజాలవు.

అటువంటి వేళ కండరం నిమిష నిమిషానికి నశిస్తూ ఉంటుంది. ఛాతీ నొప్పితో వచ్చినవారికి ఆసుపత్రి చేరిన పది నిమిషాలలోపు ఈసీజీ తీసి చదవాలని వైద్యశాస్త్ర నియమం. గడ్డను కరిగించే మందు మొదటి గంటలలో ఇచ్చినప్పుడే మిక్కిలి ప్రయోజనకారి. పన్నెండు గంటలు దాటితే దాని మేలు దాదాపు లేనట్లే. అందువల్ల నిపుణుడు ఎక్కడ ఉన్నాడన్న దానికంటె రేఖ అతనికి ఎంత త్వరగా చేరిందన్నదే ముఖ్యమవుతుంది. ఈ సత్యాన్ని ఐంథోవెన్ ముందే గ్రహించాడు. 1905లోనే ఆయన ఆసుపత్రిలోని రోగి హృల్లేఖనాన్ని ఒకటిన్నర కిలోమీటరు దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ ద్వారా రప్పించాడు. అంత బరువైన యంత్రం రోగి దగ్గరకు పోజాలదు. కనుక రేఖయే ప్రయాణం చేసింది.

ఆ ప్రయాణంలో బెంగళూరు నగరానికి గౌరవప్రదమైన స్థానం ఉన్నది. 2002లో ఇస్రో ఉపగ్రహ సహాయంతో చామరాజనగరం జిల్లా ఆసుపత్రిని ఇక్కడి నారాయణ హృదయాలయతో అనుసంధించారు. అడవి అంచున ఉన్న జిల్లాలోని రోగిని నగరంలోని నిపుణుడు పరీక్షించగలిగాడు. బన్నేరుఘట్ట రోడ్డులోని శ్రీ జయదేవ హృద్రోగ సంస్థ, కర్ణాటక ప్రభుత్వపు స్వయంప్రతిపత్తి గల సంస్థగా, బీదసాదలకు ఆశ్రయమైంది. నలభై ఏండ్లు దాటనివారికే వచ్చే గుండెపోట్లను గురించి ఆ సంస్థ 2017 నుండి ప్రత్యేక నమోదు పట్టిక నిర్వహించింది. అందులో బయటపడిన ముఖ్య కారణాలలో ధూమపానం ఒకటి. విద్యార్థులు ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా ఈ సభ సార్థకమే.

ప్రఖ్యాత కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న నలభై ఆరేండ్ల వయస్సులో గుండె ఆగిపోయి హఠాత్తుగా కన్నుమూశారు. కర్ణాటక ప్రభుత్వం ఆయన పేర హృదయజ్యోతి పథకాన్ని 2023 నవంబరులో ప్రారంభించింది. తాలూకా, జిల్లా ఆసుపత్రులలో తీసిన ఈసీజీ నిమిషాలలో కేంద్ర ఆసుపత్రిని చేరుతుంది. కృత్రిమ మేధ తోడ్పాటుతో దానిని విశ్లేషిస్తారు. గుండెపోటు అని తేలితే గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షనును తాలూకా ఆసుపత్రిలోనే ఉచితంగా ఇస్తారు. పిదప రోగిని పెద్ద ఆసుపత్రికి తరలిస్తారు. శతాబ్దం క్రితం టెలిఫోను తీగపై సాగిన పయనానికి ఇది కొనసాగింపు.

అయితే ఎంత గొప్ప యంత్రాంగమైనా అందుకోలేని దూరం ఒకటి మిగిలి ఉన్నది. అది నొప్పి పుట్టిన క్షణానికీ, ఇంటి గడప దాటిన క్షణానికీ మధ్యనున్న దూరం. బెంగళూరు వాడుకలో దీనికొక ముద్దు పేరున్నది: గ్యాస్ట్రిక్. ఛాతీ బిగపట్టినా గ్యాస్ట్రికే, చెమటలు పోసినా గ్యాస్ట్రికే, ఎడమచేయి లాగినా గ్యాస్ట్రికే. సోడా త్రాగి, జీలకర్ర నీళ్ళు త్రాగి, తెల్లవారనిద్దామని పడుకున్నవారిలో కొందరు తెల్లవారి లేవలేదు. ఇల్లాళ్ళ విషయంలో ఆలస్యం మరింత ఎక్కువ. వారిలోనూ, మధుమేహం ఉన్నవారిలోనూ నొప్పి తీవ్రంగా లేక ఆయాసం, వాంతి, చెప్పలేని నీరసం మాత్రమే కనిపించవచ్చు. వంట ముగించి వెళ్దామని, పిల్లలు బడినుండి వచ్చాక వెళ్దామని వాయిదా వేసే గృహిణికి ఆ గంటయే కీలకమని ఇంటివారు తెలుసుకోవాలి.

మరొక హెచ్చరిక కూడా అవసరం. తొలి ఈసీజీ సామాన్యంగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని అర్థం కాదు. రేఖ ఆ కొన్ని సెకన్ల చిత్రం మాత్రమే. నొప్పి కొనసాగుతుంటే మరల మరల తీయాలి, రక్తపరీక్ష చేయాలి. కాగితం పైభాగాన యంత్రం అచ్చువేసే వాక్యాన్ని చదివి ఇంటికి మరలడం వివేకం కాదు. అలాగే యంత్రం ఏదో దోషమని అచ్చువేసినందుకే కుంగిపోవడమూ తగదు. వెనుకటి ఈసీజీ ఉంటే వెంట తీసుకొనిపోవాలి. పాతదానితో పోల్చినప్పుడే కొత్తగా వచ్చిన మార్పు ఏదో స్పష్టమవుతుంది. బీరువాలోని ఆ గులాబీ కాగితానికి నిజమైన విలువ అప్పుడే. అచ్చు వెలిసిపోకముందే దాని నకలు తీయించి ఉంచుకోవడం మంచిది.

రోగి మాట కూడా ఒక లీడు వంటిదే. నొప్పి ఎప్పుడు మొదలైనది, ఎక్కడ నుండి ఎక్కడికి ప్రాకినది, బరువు పెట్టినట్లున్నదా, మంటగా ఉన్నదా, నడిస్తే హెచ్చినదా అన్న వివరాలను ఏ తీగా పట్టి ఇవ్వలేదు. పొట్టకూటికై ఈ నగరానికి వచ్చి, కన్నడంగాని ఆంగ్లంగాని తెలియని తెలుగు శ్రామికుడు ఆసుపత్రి వరుసలో నిలిచి తన బాధను చెప్పుకోలేక తల్లడిల్లే సందర్భాలు ఉంటాయి. అప్పుడు ప్రక్కనున్న తెలుగు తెలిసిన విద్యావంతుడు అతని మాటను వైద్యునికి తు.చ. తప్పక చేరవేస్తే, పదమూడవ లీడును సమకూర్చిన పుణ్యం దక్కుతుంది. తెలుగూ కన్నడమూ రెండూ నేర్పిన ఈ పాఠశాల విద్యార్థులకు ఇది చేతనైన సేవ.

ఇక చేయవలసిన పనులు కొన్నే. ఛాతీలో బిగింపు, ఆయాసం, అకారణపు చెమట కొన్ని నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. ఈ రద్దీ నగరంలో రోగి తానే స్కూటరు నడుపుకొని పోవడం ఎంతమాత్రం కూడదు. ఇంటికి దగ్గరలో ఈసీజీ తీసి చదివి, వెంటనే చికిత్స మొదలుపెట్టగల ఆసుపత్రి ఏదో నేడే తెలుసుకొని, దాని ఫోను నంబరు గోడమీద వ్రాసి ఉంచాలి. పై తరగతుల విద్యార్థులకు హృదయ పునరుజ్జీవన క్రియలో శిక్షణ ఇప్పించడానికి పాఠశాలలు పూనుకోవాలి. ఛాతీపై నొక్కడం నేర్చిన ఒక్క విద్యార్థి ఉంటే ఆ వీధికంతటికీ ధైర్యం.

హృదయం తన కథను లక్ష సార్లు ప్రతిదినం వ్రాస్తూనే ఉన్నది. చదివేవారు ఒక కోణం నుండి చూచి తీర్పు చెప్పక, పన్నెండు కోణాలనూ, మనిషి వయస్సునూ, మాటనూ, వెనుకటి కాగితాన్నీ కలిపి చూడాలి. చూపించుకొనేవారు ఆలస్యం చేయరాదు. వైద్యునికీ, ఉపాధ్యాయునికీ, గృహస్థునికీ వర్తించే పాఠం ఇది.  అందరికీ ఆయురారోగ్యాలు కలుగు గాక.